అలర్టులు లేని గ్రూపు

పేరుదేముంది, ఏదో ఒకటి పెడితే సరిపోతుంది, కానీ మూసివేత అని మాత్రం పెట్టకండి, ఎవరి కన్నైనా పడుతుంది అని మేనేజరు మరీమరీ చెప్పాడు కదా, అందుకని ఆమె తాత్కాలికం అని టైపు చేసింది, చేసి ఆ మాటనే చూస్తూ కూర్చుంది, ఎంత మర్యాదగా ఉంది, అబద్ధంలా కూడా లేదు, కొత్త గ్రూపు స్క్రీన్ మీద ఖాళీగా తెరుచుకుంది, ఇక చేయవలసిందల్లా నది అవతలి గిడ్డంగిలో ఉన్న సర్వర్లను ఒక్కొక్కటిగా కీలకం అనే గ్రూపులోంచి లాగి ఇందులో పడేయడం, మిగతాది పాలసీ, అంటే ఆ గ్రూపుకి పెట్టిన రూలు, చూసుకుంటుంది, కీలకంలో ఉన్నంతకాలం అక్కడి గది కాస్త వేడెక్కినా, డిస్కు కాస్త నిండినా అక్కడి మనిషి ఫోను మోగి తీరాలి, ఇందులోకి వచ్చాక ఏ సర్వర్ చచ్చినా ఎవరికీ కబురు వెళ్ళదు, ఆదివారం దాకా పేరుకి నడుస్తాయి, ఆ తర్వాత కరెంటు తీసేస్తారు, అక్కడి మనిషి అంటే ఎవరో కాదు, బావ, అక్క మొగుడు, ఆమెకు ఈ పని నేర్పినవాడు, వేలు పట్టుకుని ఈ కుర్చీ దాకా తీసుకొచ్చినవాడు.

పొద్దున మేనేజరు గాజుగదిలోకి పిలిచి తలుపు వేశాడు, గిడ్డంగి ఎత్తేస్తున్నారు, శుక్రవారం అందరినీ కూర్చోబెట్టి చెబుతారు, అప్పటిదాకా ఈ మాట ఈ గది దాటకూడదు, మీ బావగారు అక్కడే ఉన్నారని తెలుసు, అందుకే ఇంతగా చెబుతున్నాను, పొక్కిందంటే ఎవరి నోటినుంచి పొక్కిందో వెతకక్కర్లేదు కదా, అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, టీ మీద కట్టిన మీగడను చెంచాతో పక్కకు తీస్తూ, ఆమె అలాగేనండి అంది, అంత తొందరగా ఎలా అనగలిగిందో, అంతకు కాసేపటి క్రితమే కదా బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఫోన్లో అక్కతో మాట్లాడింది, ఓడరేవు వాళ్ళు మీ బావని ఉద్యోగానికి మళ్ళీ పిలిచారే, ఇవాళ మధ్యాహ్నంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు, ఈయనేమో నా సర్వర్లని ఎవరి మొహాన కొట్టి వెళ్ళను అంటాడు, పెళ్ళాన్నైనా వదులుతాడేమో గానీ వాటిని వదలడు, నీ మాటైతే వింటాడు, ఒక్కసారి చెప్పి చూడవే, చెప్తాలే అక్కా, ఆఫీసుకెళ్ళి ఫోను చేస్తా, అంది, అప్పటికి ఏమీ తెలియదు, తెలియనప్పుడు మాట ఇవ్వడం ఎంత సులువు.

ఫోను చేస్తుంది, తప్పకుండా చేస్తుంది, ఈ వరస పూర్తయ్యాక, లారీల గేటు సర్వర్‌ను లాగి పడేసింది, తూకం యంత్రాల సర్వర్‌ను పడేసింది, పచ్చచుక్కలు ఒకదాని వెనక ఒకటి బూడిదరంగుకు తిరుగుతున్నాయి, మొదటి రోజుల్లో బావ ఇలాగే పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, ఒక్కో మెషిన్‌కి ఒక్కో రూలు రాసుకుంటూ కూర్చుంటే ముసలిదానివైపోతావు మరదలా, ఏది ఆగితే కొంప మునుగుతుంది, ఏది ఆగితే ఎవడికీ పట్టదు, ముందు అది తేల్చుకో, దాన్నిబట్టి గ్రూపులో వెయ్యి, రూలు గ్రూపుకి పెట్టు, ఆ వారంలోనే ఆమె పొరపాటున గిడ్డంగి మొత్తాన్ని తీసుకెళ్ళి, ఏది ఆగినా ఎవరికీ పట్టని ప్రయోగం గ్రూపులో పడేసింది, అతను కోప్పడలేదు, పగలబడి నవ్వాడు, నా బతుకంతా ఆటబొమ్మల పెట్టెలో పారేశావు కదే అన్నాడు, అంతసేపు నవ్వే మనిషికి ఇప్పుడు ఏమని చెప్పాలి, కారణం చెప్పనక్కర్లేదు, వెళ్ళు బావా అంటే చాలు, కానీ ఎందుకే అంటాడు, అతనికి అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, నిజం చెబితే ఎవరు పొక్కించారో మేనేజరుకు వెతకక్కర్లేదు, ఇంట్లో తన మొగుడు మోకాలి ఆపరేషనయ్యాక ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నాడు, ఇద్దరికీ కలిపి ఉన్నది ఈ ఒక్క ఉద్యోగం.

అయినా లేచింది, ఫోను గుప్పిట్లో పెట్టుకుని మెట్ల దాకా వెళ్ళింది, అక్కడైతే ఎవరూ వినరు, మెట్లు కడుగుతున్న ఆవిడ తలెత్తి, జారుతుందమ్మా, కాసేపాగి రండి అంది, ఆమె వెంటనే సరేనని వెనక్కి తిరిగింది, అంత బుద్ధిగా ఎవరి మాటైనా ఎప్పుడైనా విందా, వచ్చి కూర్చుని మిగిలినవి కూడా లాగింది, అన్నీ అయిపోయాయి, పాలసీ అమలైంది అని స్క్రీన్ చెప్పింది, కిటికీ కింద రోడ్డు మీద భోజనానికి బయల్దేరినవాళ్ళ నవ్వులు, అప్పుడు ఫోను మోగింది, బావ.

ఏం మరదలా, పొద్దుట్నుంచి నా ఫోను నోరెత్తడం లేదేంటి, ఇక్కడ ఏసీ పాడై గది కాలిపోతోంది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, ఒక్క అలర్టు వస్తే ఒట్టు, నేనే చూద్దామంటే కీలకంలో నావి ఒక్కటీ కనబడటం లేదు, ఆమె, ఓడరేవు వాళ్ళకి ఏం చెప్పావు బావా అంది, ఓహో, మీ అక్క నీ చెవిలో కూడా ఊదిందా, ఇప్పుడే చెప్పేశాలే, రానని, పాపం మంచివాళ్ళు, ఇంకొకతను తయారుగా ఉన్నాడట, అతనికి కబురు చేసేశారు కూడా, నాకు బరువు దిగిపోయింది, సరేగానీ నావాటిని ఎక్కడ పడేశావు, మళ్ళీ ప్రయోగంలోనా, నవ్వుతున్నాడు, కాదు బావా, మరి, తాత్కాలికం, ఆ పేరుతో మనకి గ్రూపు లేదే, ఇవాళే పెట్టాను, అలర్టులు ఎవరికి, ఎవరికీ కాదు, అవతల నవ్వు ఆగిపోయింది, ఎప్పటిదాకా, ఆదివారం దాకా బావా.

తిడితే బాగుండు, కనీసం ఎందుకు చెప్పలేదే అని అడిగితే బాగుండు, అతను గొంతు తగ్గించి, నీ పక్కన ఎవరైనా ఉన్నారా అన్నాడు, లేరు అంది, మంచిది, నువ్వేం చెప్పలేదు, నేనేం అడగలేదు, మీ అక్కకి నేను చెప్పుకుంటాను, నువ్వు ఏమీ ఎరగనట్టే ఉండు, నీ ఉద్యోగానికి ముప్పు తెచ్చుకోకు, అని పెట్టేశాడు, పెట్టేసినా ఆమె ఫోను చెవికే ఆనించుకుని ఉంది, ఎవరైనా చూస్తే ఇంకా మాట్లాడుతోందనుకుంటారు, మేనేజరు భయపెట్టాడు, నిజమే, ఇంట్లో ఆయన మోకాలు, అదీ నిజమే, మెట్లు తడిగా ఉన్నాయి, అదీ నిజమే, అన్నీ నిజాలే, చెప్పాలా వద్దా అని పొద్దుట్నుంచీ నలిగిపోతున్నాననుకుంది, నలిగిపోతే ఒక్క సర్వర్‌ దగ్గరైనా చెయ్యి ఆగాలి కదా, ఆగలేదు, తేల్చుకోలేక కాదు ఆలస్యం చేసింది, అతను వాళ్ళకి రానని చెప్పేసేదాకా, ఇక తను చెప్పినా ఒరిగేదేమీ లేకుండా పోయేదాకా, కాచుకుని కూర్చుంది.