ఎర్రరాళ్లపల్లె ఖాళీ బస్సు

నేను ఒక టిక్కెట్ల మిషన్ని. పేరుకే మిషన్ని గానీ మీరు నన్ను ఏనాడూ మిషనుగా చూడలేదు, సాక్షిగా చూశారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇప్పుడు డిపో స్టోరు రూములో, అరిగిపోయిన టైర్ల వెనక, ఓ అట్టపెట్టెలో పడున్నాను. బ్యాటరీ ఉబ్బిపోయింది. మీట నొక్కినా పలకను. నాలుగు రోజులు పోతే తుక్కు కొనేవాడొచ్చి కిలోల లెక్కన తూచుకుపోతాడు. ఆలోపే చెప్పుకోవాలి.

నన్ను ఏదో దూరపు ఫ్యాక్టరీలో చేశారు. తోడబుట్టినవాళ్లతో పాటు పెట్టెల్లో కుక్కి ఈ మెట్టప్రాంతపు డిపోకి తెచ్చారు. వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి అందరికీ కుంకుమబొట్లు పెట్టారు. ఆ కుంకుమ మీటల సందుల్లోకి దిగి నా ఐదో నంబరు మీట బిగుసుకుపోయింది. అంటే పని మొదలుపెట్టకముందే రిపేరుకి పోయానన్నమాట. మీ భక్తితో ఎప్పుడూ ఇదే తంటా.

నా పని చెప్పుకోవడానికి చాలా తేలిక. కండక్టరు ఎక్కిన ఊరు నొక్కుతాడు, దిగే ఊరు నొక్కుతాడు, నేను టిక్కెట్టు కక్కుతాను. బస్సు డిపోకి చేరగానే నాకో తీగ తగిలించి, కడుపులో ఉన్నదంతా కంప్యూటర్లోకి లాగేస్తారు. అక్కణ్ణుంచి అది పైఆఫీసుకి పోతుంది. ఏ రూటుకి ఇంకో బస్సు వెయ్యాలి, ఏ రూటులో డీజిలు దండగ, ఎక్కడ ట్రిప్పు తీసెయ్యాలి, అన్నీ దాన్ని చూసే తేలుస్తారు. చెడ్డ పద్ధతని నేననను. పూర్వం ఎవరో పెద్దమనిషి ఫోను చేస్తే బస్సు వేసేవాళ్లట, ఆయన అలిగితే తీసేసేవాళ్లట. కంప్యూటరు అలగదు. కాకపోతే దానికి నేను చెప్పిందే లోకం, నాకు కండక్టరు నొక్కిందే లోకం. ఈ సంగతి మీకందరికీ తెలుసు, పని దగ్గరకొచ్చేసరికి ఒక్కరికీ గుర్తుండదు.

మొదట నన్నొక హైవే బస్సు కండక్టరుకిచ్చారు. పెళ్లాం మీద కోపమొచ్చినా, చిల్లర దొరక్కపోయినా నన్ను కడ్డీకేసి కొట్టేవాడు. రెండుసార్లు నా అద్దం పగిలింది. మూడోసారి రిపేరు చేసి నన్ను షేక్ ఖాజావలి చేతిలో పెట్టారు. అందరూ వలీ అంటారు. ఎర్రరాళ్లపల్లె బస్సు అతనిది. పొద్దున్నే ఆ కొండకింద పల్లెకి పోయి జనాన్ని టౌనుకి తేవడం, సాయంత్రం మళ్లీ దిగబెట్టడం. ఆ దారికి వేరే బస్సు లేదు. దోవ పొడుగునా గుంతలే, నా పళ్లు రాలిపోతాయేమో అనిపించేది.

ఆ బస్సెక్కేవాళ్లలో డబ్బులిచ్చి టిక్కెట్టు కొనేవాళ్లు తక్కువ, పాసులవాళ్లే ఎక్కువ. బడిపిల్లలు, కాలేజీ పిల్లలు, చూపులేని ముసలాయన ఒకడు, ఇంకా గాలెమ్మ. గాలెమ్మ పలకల ఫ్యాక్టరీలో పలకలకి చెక్కలు బిగించే పని చేసేది. ముప్పై అయిదేళ్లు కూడా ఉండవు, రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు టౌను ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకుంటే బతుకుద్ది, లేకపోతే లేదు. కిడ్నీ జబ్బువాళ్లకిచ్చే పాసు తీసుకుని, సూదులు గుచ్చే ఎడమచేతి కట్టు మీదికి కొంగు కప్పుకుని డ్రైవరు వెనక సీట్లో కూర్చునేది. ఆ బస్సే ఆమెకి మందు.

పాసున్నవాళ్లని కూడా నాలో కొట్టాలని రూలుంది. పాసు అడిగి, దాని మీదున్న బారెడు నంబరు నొక్కితే డబ్బుల్లేని సున్నా టిక్కెట్టు వస్తుంది. అప్పుడే ఆ మనిషి బస్సులో ఉన్నట్టు నాకు తెలుస్తుంది. వలీ కొట్టేవాడు కాదు. బద్ధకం కాదు, పాపం చెప్పకూడదు. అతనికి ప్రతి మొహమూ తెలుసు. మొదట్లో గాలెమ్మ పాసు తియ్యబోతే, "పెట్టుకో అమ్మా లోపల. నీ పాసు నేను చూడాల్నా?" అన్నాడు. ఆమె మొహం విప్పారింది. ఆసుపత్రిలో, ఫ్యాక్టరీలో, రేషను షాపులో అడుగడుగునా కాగితం చూపించి బతికే మనిషి. కాగితం అడగకుండా కూర్చోమన్నవాడు ఇతనొక్కడే. పిల్లల్నీ అంతే, "పోండ్రా లోపలికి" అనేవాడు. నాక్కూడా ముచ్చటగానే ఉండేది. మనిషిని మనిషి గుర్తుపట్టడం చూస్తే ఎవరికి బాగుండదు?

నేను మాత్రం రాత్రికి డిపోలో ఏం చెప్పేదాన్ని? బస్సులో అయిదారుగురున్నారని. ఒక్కోరోజు ఇద్దరేనని. మెట్ల మీద దాకా కిక్కిరిసిన బస్సులో తిరిగొచ్చి, ఖాళీ అని కంప్యూటరు చెవిలో ఊదేదాన్ని. నాకు నోరుంటే అరిచేదాన్ని. నాకున్నది కాగితపు చుట్ట, అదీ నొక్కితేనే తిరుగుద్ది.

పైఆఫీసు నుంచి ఉత్తర్వు రానే వచ్చింది. ఎర్రరాళ్లపల్లె రూటు దండగ, నెలాఖరు నుంచి రద్దు. వలీ నన్ను భుజాన వేసుకుని నేరుగా డిపో మేనేజరు గదిలోకి పోయాడు. మేనేజరు హైమావతి గారు నెమ్మదైన మనిషి, ఎవర్నీ కసురుకోవడం నేను వినలేదు.

"నా బస్సు ఖాళీగా ఎప్పుడు పోయింది మేడం? నిలబడను చోటుండదు" అన్నాడు.

ఆమె కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. "ఇది నీ మిషను చెప్పిందే వలీ. ఏడాది పొడుగునా ఇంతే ఉంది."

వలీ ఆ తెర మీద వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. అందులో టిక్కెట్టు కొన్నవాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. "పాసులోళ్లు మేడం... పాసులోళ్లని నేను కొట్టలా" అన్నాడు.

"కొట్టాలిగా మరి" అంది ఆమె. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి వలీ ప్రతి ఒక్కరినీ పాసు అడగడం మొదలుపెట్టాడు. గుంతల్లో బస్సు ఎగిరిపడుతుంటే ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఆ బారెడు నంబర్లు నొక్కేవాడు. తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి. నేను సున్నా టిక్కెట్లు కక్కుతూనే ఉన్నాను. నిజం చెబుతున్నానని ఎంత సంబరపడ్డానో. జనం మాత్రం నొచ్చుకున్నారు. పిల్లలు సంచుల అడుగున వెతుక్కుంటూ గొణుక్కున్నారు. చూపులేని ముసలాయన, "గొంతు వింటే గుర్తుపట్టేవాడివి గదయ్యా" అన్నాడు. గాలెమ్మ రొంటిన పెట్టుకున్న పాసు తీసి చేతికిస్తూ, "ఏందన్నా, మమ్మల్ని నమ్మవా ఇప్పుడు?" అని అడిగింది.

"నేను నమ్మితే చాలదంట తల్లీ. కంప్యూటరు నమ్మాలంట" అన్నాడు వలీ. తన మంచితనమే ఈ బస్సుకి ఎసరు పెట్టిందని ఏ మొహంతో చెబుతాడు?

వారం తిరక్కుండా డిపోలో పిలుపొచ్చింది. ఈసారి గదిలో హైమావతి గారి పక్కన పైఆఫీసు నుంచి వచ్చిన కాగితం కూడా ఉంది. రద్దు ఉత్తర్వు వచ్చాక ఈ బస్సులో సున్నా టిక్కెట్లు ఒక్కసారిగా పెరగడం అనుమానాస్పదంగా ఉందని, కండక్టరు దొంగ టిక్కెట్లు కొడుతున్నాడేమో విచారించమని అందులో ఉంది. డబ్బు రాని టిక్కెట్టు గనక ఎవరైనా ఎన్నైనా కొట్టుకోవచ్చట.

"ఇన్నాళ్లు లేని జనం ఇప్పుడెక్కణ్ణుంచి పుట్టారని అడుగుతున్నారు" అంది ఆమె.

"ఇన్నాళ్లూ ఉన్నారు మేడం."

"అలా రాసిస్తే ఇన్నాళ్లూ డ్యూటీ సరిగ్గా చెయ్యలేదని నువ్వే ఒప్పుకున్నట్టు. రాసివ్వకపోతే ఇప్పుడు దొంగలెక్క చూపించినట్టు. దేనికైనా మెమో తప్పదు వలీ."

"ఒక్కరోజు మీరే వచ్చి చూడండి మేడం. రేపు పొద్దున్నే రండి, సీటు కూడా ఆపుతా."

ఆమె కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. "వస్తాను. వచ్చి చూసి ఏం చెయ్యను? నేను కళ్లతో చూశానంటే పైన ఎవరూ తీసుకోరు. ఏడాది లెక్క ముందు ఒక్కరోజు లెక్క నిలవదు" అంది.

అబద్ధం చెప్పినన్నాళ్లూ నన్ను ఎవరూ అనుమానించలేదు. నిజం చెప్పిన వారానికే దొంగనైపోయాను. వలీ మెమో మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఆరుబయట బల్ల మీద కూర్చుని నన్ను ఒళ్లో పెట్టుకుని నా అద్దం మీది దుమ్ము తుడిచాడు. నాకంత దిగులు ఎన్నడూ లేదు. నెలాఖరుకి బస్సు ఆగిపోయింది. ఇంకో నాలుగు రోజులకి నాలో ఉన్న ఊళ్ల పేర్లు కొత్తవి ఎక్కించారు. ఎర్రరాళ్లపల్లె తీసేశారు. ఆ ఊరు నొక్కుదామన్నా ఇక నాలో లేదు.

వలీని, అతనితో పాటు నన్నూ హైవే మీద వేరే బస్సుకి మార్చారు. ఎర్రరాళ్లపల్లె దారి కలిసే క్రాస్ రోడ్డు దగ్గర ఆ బస్సు ఆగుద్ది. అక్కడ గాలెమ్మ కనబడేది. మొదట్లో మొగుడు బాలయ్య అడిగి తెచ్చిన మోటారు సైకిలు మీద దింపేవాడు. తర్వాత బండిచ్చినాయన ఇవ్వడం మానేశాడు. ఆటో నిండితే గానీ కదలదు, ఆ పల్లెలో ఆటో నిండేసరికి ఆసుపత్రిలో ఆమె వంతు దాటిపోయేది. మూడుసార్లు పోయేది రెండుసార్లయింది, తర్వాత ఒకసారయింది. మొహం ఉబ్బి, కాళ్లు చెప్పుల్లో పట్టక, బస్సు మెట్టెక్కడానికి వలీ చెయ్యందించాల్సి వచ్చేది. "నడిచొచ్చావా?" అని అడిగితే, "కూర్చుంటా లేస్తా వచ్చానన్నా" అనేది. వలీ ఆమె పాసు నంబరు తప్పకుండా నొక్కేవాడు. ఆమె క్రాస్ రోడ్డులో ఎక్కినట్టే నేను టిక్కెట్టు ఇచ్చేదాన్ని.

ఒకరోజు క్రాస్ రోడ్డులో బాలయ్య ఒక్కడే ఎక్కాడు. గడ్డం పెరిగుంది.

"గాలెమ్మ రాలా?" అన్నాడు వలీ.

"రాదన్నా ఇంక. దినానికి సామాను తేవాల" అని డబ్బులు తీసిచ్చాడు.

వలీ వద్దన్నాడు. బాలయ్య బలవంతంగా చేతిలో పెట్టాడు. టిక్కెట్టు కొట్టకుండా కూర్చోబెడితే ఏమవుద్దో వలీకి తెలుసు గనక కొట్టాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. తర్వాత బస్సు వెనక్కి పోయి, అద్దం వైపు తిరిగి టౌను దాకా నిలబడ్డాడు. మధ్యలో ఎక్కినవాళ్లు టిక్కెట్టని పిలుస్తున్నా పలకలేదు. ఏడుస్తున్నాడు. నేను అతని డొక్కకి ఆనుకునే ఉన్నాను, నాకు తెలియకుండా ఎట్టా ఉంటుంది?

ఏడాది గడిచాక ఎర్రరాళ్లపల్లెవాళ్లు అర్జీ పట్టుకుని డిపోకొచ్చారు. వలీని కూడా రమ్మని బతిమాలారు. మళ్లీ అదే గది. హైమావతి గారు అందర్నీ కూర్చోబెట్టింది. నిజంగానే బస్సు వెయ్యాలనుకుంది, ఆ మాట నేను ఒట్టేసి చెబుతాను. కంప్యూటరులో ఏదైనా ఆధారం దొరుకుతుందేమోనని శ్రద్ధగా వెతికింది.

"ఏడాదిగా మీ ఊరి నుంచి ఒక్క టిక్కెట్టు కూడా లేదే" అంది.

"బస్సు లేకుండా టిక్కెట్టు ఎట్టా వచ్చిద్దమ్మా?" అన్నాడు ఒకాయన.

"నాకు తెలుసండీ. పైకి రాయాలంటే ఏదో ఒకటి కావాలి కదా." మళ్లీ వెతికింది. "పోనీ, పాసులు చూద్దాం. పిల్లలవి ఏమీ కనపడవే?"

"పిల్లలు కొందరు హాస్టళ్లలో చేరారమ్మా. కొందరు మానేశారు."

"కిడ్నీ పాసు ఒకటుండేది. గాలెమ్మ అని. రోగులుంటే పైన కాదనలేరు, అదొక్కటున్నా గట్టిగా రాసేదాన్ని." ఆమె తెర దగ్గరికి వంగింది. "అది కూడా గడువైపోయింది, కొత్తది తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదు వలీ, ఆమెకి అవసరం లేకపోయిందా?"

అర్జీ తెచ్చినవాళ్లు తలలు దించుకున్నారు. వలీ నన్ను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"లేదు మేడం. ఇప్పుడామెకి అవసరం లేదు" అన్నాడు.

ఆమె తలూపి, ఆ మాటే కంప్యూటరులో కొట్టింది.