పార్థసారథి పడకల వ్యాను

పార్థసారథికి మనుషులంటే విసుగు. పాపం, ఆయన తప్పేం లేదు. గచ్చిబౌలి ఆఫీసులో పొద్దస్తమానం మీటింగులు, ఇంటికొస్తే తెల్లాపూర్ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు. స్నానానికి వెళ్లినా ఎవరో ఒకరు "సర్, ఒక్క నిమిషం" అంటారు. అందుకే, ఎవరూ పిలవని చోట ఒక్క ఆదివారం హాయిగా పడుకోవాలని పాతకాలపు మెటాడోర్ వ్యాను కొని, లోపల మడత మంచం, గ్యాసు పొయ్యి పెట్టించాడు. నారింజ రంగు కూడా వేయించాడు, అదేం ముచ్చటో!

వ్యాను బ్రహ్మాండంగా తయారైంది గానీ సెల్లారులోకి పోలేదు. ర్యాంపు దిగీ దిగగానే అడ్డంగా ఉన్న దూలం దాని నెత్తికి తగులుతోంది. పైనున్న క్యారియర్ పీకించాడు. టైర్లలో గాలి తీయించాడు. అయినా రెండు వేళ్ల ఎత్తు మిగిలిపోయింది.

"ఏంది సార్, బండి గేటుకాడ్నే పెడ్తవా? అంబులెన్స్ వస్తే ఎట్ల పోతది?" అంది అసోసియేషన్ ప్రెసిడెంటు బుచ్చమ్మ. ఈ అపార్ట్‌మెంటు లేచిన నేల ఒకప్పుడు ఆమె జొన్నచేను. కాబట్టి ఆమె మాటకి అక్కడ ఎదురు లేదు. "ఆదివారం దాంక చూస్త. లోపలికి పోకుంటే అమ్ముకో."

ఆయన భార్య ఉమాశ్రీది కూడా మొదట్నించీ అదే పాట. అమ్మడమంటే పార్థసారథికి ప్రాణం పోయినంత పని.

ఆదివారం పొద్దున దూలం ముందు దిగాలుగా నిలబడ్డ ఆయన్ని చూసి బుచ్చమ్మకే జాలేసింది. "పెండ్లి జీపు చూడలేదా సార్? జనం ఎక్కితే కుంగదా? గంతే!" అని కొంగు బొడ్లో దోపి తనే ముందెక్కింది. ప్రెసిడెంటే ఎక్కాక మిగతావాళ్లు ఊరుకుంటారా? ఎదురింటి మధుకర్, వాళ్లావిడ, పిల్లలు ఎక్కారు. యోగా చేస్తున్న ఆడవాళ్లంతా చాపలతో సహా ఎక్కారు. పాల ప్యాకెట్లు పట్టుకుని కామేశ్వరరావు గారూ ఎక్కారు. వ్యాను మూలిగి కుంగింది. పార్థసారథి ఊపిరి బిగబట్టి పోనిచ్చాడు. గీత కూడా పడకుండా లోపలికి వెళ్లిపోయింది!

ఆనందం పట్టలేక అన్నాడు: "మీరంతా లేకపోతే ఏమైపోయేవాణ్ణండీ! ఈసారి ఎక్కడికైనా బయల్దేరితే మీరూ రావాలి, తప్పదు."

ఆయనది కాకినాడ. అక్కడ చెప్పులేసుకుని వెళ్లిపోతున్నవాణ్ణి కూడా "భోంచేసి వెళ్లండి" అంటారు. అతను "ఇంకోసారండీ" అంటాడు. అది మర్యాదని ఇద్దరికీ తెలుసు. బుచ్చమ్మకి ఎవరు చెప్పాలి? ఆమె లెక్కలో రమ్మంటే రమ్మన్నట్టే. "వస్తం సార్" అంది. పార్థసారథి నవ్వి ఊరుకున్నాడు.

మరుసటి ఆదివారం పొద్దున్నే ఆయన దుప్పటి, దిండు, టైర్లకి గాలి కొట్టే పంపు సర్దుకుని అనంతగిరి కొండలకి సిద్ధమయ్యాడు. "ఆ డబ్బాలో పడుకునే సరదా నాకు లేదు, మీరు వెళ్లండి" అంది ఉమాశ్రీ. తీరా చూస్తే ఎదురుగా అదే దూలం! లోపలికి రావడానికి జనం కావాలంటే బయటికి పోవడానికి అక్కర్లేదా? ఇంత చదువు చదివినవాడికి ఆ ముక్క అప్పటిదాకా తట్టలేదు.

చచ్చినట్టు గ్రూపులో పెట్టాడు: "బయల్దేరుతున్నానండీ, దయచేసి అందరూ ఒకసారి సెల్లారుకి రాగలరా?"

వచ్చారు. బుచ్చమ్మ సకినాల డబ్బాతో వచ్చింది. మధుకర్ పిల్లలు ఈతకి ట్యూబులు తెచ్చుకున్నారు. కామేశ్వరరావు గారిది భీమవరం, ఆయనకి ఆ మర్యాద సంగతి బాగా తెలుసు. తెలిసీ దిండు తెచ్చుకున్నారు.

దూలం దాటి, గేటు బయట వ్యాను ఆపి, పార్థసారథి వెనక్కి తిరిగాడు. ఒక్కరూ కదల్లేదు.

"జల్దీ గాలి కొట్టి పోనీ సార్, ఎండెక్కుతది" అంది బుచ్చమ్మ.

మాటవరసకి అన్నానండీ అందామనుకున్నాడు. కానీ సాయంత్రం వ్యాను మళ్లీ లోపలికి పోవాలి కదా! ఏడుపొక్కటే తక్కువ. "అందరికీ చోటు సరిపోయిందాండీ?" అని అడిగాడు.

ఆ రోజు అపార్ట్‌మెంటులో చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం. ఏ గుమ్మంలోనూ మనిషి అలికిడి లేదు. ఉమాశ్రీ తలుపులన్నీ బార్లా తెరిచి, ఎవరూ పిలవకుండా, పొద్దుగూకేదాకా హాయిగా పడుకుంది.