తారు పూసిన జీపు

తుఫానులో పడవ పోయాక నూకయ్యకు మిగిలింది పాత మిలిటరీ జీపు ట్రక్కు ఒక్కటే. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి అంతర్వేది ఇసుకలో కూరుకుపోకుండా చేపల గంపలు మోసేది. ఇప్పుడు చమురు తవ్వే క్యాంపువాళ్లు దాన్ని అద్దెకు అడిగారు. బండి గట్టిగా ఉందని అమలాపురం మెకానిక్కు సుందరరావు రాసిస్తే, ఇంట్లో మళ్లీ పొయ్యి వెలుగుతుంది.

సుందరరావు ఇంజను చప్పుడు విని తలూపాడు.

"ఈ డీజిలు ఇంజను ఎవరు బిగించేరండీ?"

"నేనేనండి. పడవది, విరిగిన చెక్కలతో పాటు ఒడ్డుకి కొట్టుకొచ్చింది."

"భేషుగ్గా ఉందండి."

నూకయ్య ప్రాణం లేచొచ్చింది. సుందరరావు బండి కిందికి దూరాడు. బండిని మోసే చాసిస్ చట్రం నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇదేంటండీ?"

"తారండి. పడవకి పూసినట్టే ఏటా మూడు పూతలు. చుక్క నీరు దూరదండి, ఆయ్!"

"నీరు కారిపోయే కన్నాలు కూడా మూసేసేరా?"

"కన్నముంటే మునిగిపోదాండీ?"

సుందరరావు నవ్వబోయి ఆగి, సుత్తితో తట్టాడు. ఇనుము మోగలేదు. సుత్తి లోపలికి దిగిపోయింది. సందుల్లోంచి దూరి ఏళ్లుగా నిలిచిన ఉప్పునీరు, తుప్పు పెళ్లలు బొళబొళా రాలాయి.

"అతుకు వెయ్యండి బాబూ."

"అతుకు పట్టడానికి ఇనుముండాలి కదండీ. ఇంజనొక్కటే బాగుంది. పడవకి పెట్టుకోండి."

"ఏ పడవకండీ?"

సుందరరావు కాగితం రాయకుండానే సుత్తి సంచిలో పెట్టుకుని లేచాడు. ఆయన మోటారుసైకిలు మలుపు తిరిగాక నూకయ్య తారు డబ్బా తెచ్చి, కొత్తగా పడ్డ కన్నాన్ని శ్రద్ధగా పూడ్చసాగాడు.