తెర పట్టే జంట

"పటేలు ఒప్పుకున్నడు! రేపు పొద్దుమూకంగ తన గడి ముందల చిందోళ్ల ఆట. మన జంట పేరు మీద!"

మా ఆయన వాకిట్లోంచే అరిచారు. వలుస్తున్న బత్తాయి తొన ఆయన నోట్లోనే పెట్టేశాను. సిద్దిపేటకు కాపురానికి వచ్చి నెల కాలేదు, అప్పుడే మా పేరు మీద ఆట! కోఠీ కాలేజీలో నాతో చదివిన ఒక్కరికైనా ఇంత భోగం పట్టిందా?

అరుగు మీద కూర్చున్న పెంటవ్వ లేచి నిలబడింది. చిందు భాగోతం ఆడే ఆ మేళానికి ఆమే పెద్ద. మా అత్తగారి చిన్నతనం నుంచీ రాణి వేషం ఆమెదే.

ఇంతలో భూపతి పటేలు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కొత్త వకీలైన మా ఆయనకు ఇప్పటికి ఆయన దావాలే దిక్కు.

"పెంటవ్వా, ఒక్క మాట. రాణి వేషం నీ కోడలు కడ్తది. నువ్వు తెర వెనక పాడు. ముడుతల రాణిని ఎవలు చూస్తరే?"

పక్కనున్న కోడలు ఐలవ్వ తల వంచుకుంది.

"గొంతు పనికొస్తది, మొగం పనికిరాదా దొరా?"

"వద్దంటె చెప్పు. తొగుట మేళాన్ని పిలుస్త."

గాజులు చప్పుడు కాకుండా చేతులు బిగబట్టుకున్నాను. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"పటేలా, మా ఇంట్ల ఆమె పెంటవ్వ ఆటే చూస్తనని..."

"వకీల్ సాబ్, మీరు కచ్చీరి సంగతి చూసుకోండ్రి."

ఆయన నేల చూపులు చూశారు. పెంటవ్వ మాత్రం చేతులు జోడించింది.

"నీ బాంచెన్ దొరా, తెర వెనకనే పాడుత. తెర మాత్రం కొత్త జంట పట్టాలె. ఆళ్ల పేరు మీది ఆట గద."

పటేలు నవ్వాడు. "పట్టనీయి, ముచ్చటగుంటది."

పటేలు వెళ్లగానే ఐలవ్వ అడిగింది. "కిరీటం ఎవలు పెట్టుకుంటరత్తా?"

"తెర వెనక పాడేటామె."

పెంటవ్వ మావైపు తిరిగింది. "పాట కాంగనే గజ్జె గట్టిగ కొడ్త. గప్పుడు తెర ఇడువుండ్రి, రాణి వేషంల నేనే ఉంట. జనం కండ్ల పడ్డ రాణిని పటేలు గూడ ఎనుకకు పంపడు, ఆటకు అరిష్టం. మీరు ఇడువకుంటె, బిడ్డా, నేను ఇగ ఎప్పటికీ వెనకనే."

ఆమె వెళ్లిపోయింది. చేతిలోని బత్తాయి నలిగి రసం కారుతోంది.

"దావాలు వాపస్ తీసుకుంటడేమో," అన్నారాయన మెల్లగా.

ఆయన లోపలికి వెళ్లారు. పెళ్లి దుప్పటి తెచ్చి ఒక కొస నా చేతికిచ్చారు.

"రేపు పొద్దుగాలనే అరుగు మీద నేర్చుకుందాం. ఇద్దరం ఒక్కసారే ఇడువాలె."