ఎంగిలి స్పూన్

ఇరవై రెండేళ్లుగా వండుతున్నాను. వడ్డించేలోపు గరిట నోటి దగ్గర పెట్టి ఎరగను. ఎంగిలి చేసింది ఎవరికైనా ఎలా పెడతాం చెప్పండి? ఉప్పు చాలిందో లేదో నాకు ఆవిరి వాసనకే తెలిసిపోతుంది. ఈ మాట అమెరికాలోని మా ఫ్రీమాంట్‌లో నా నోట వినని తెలుగువాళ్లు లేరు.

గ్రీన్ కార్డ్ వచ్చిన మర్నాడే పర్మిట్‌కి అప్లై చేశాను, మా ఇంట్లోనే చిన్న భోజన హోటల్ పెట్టుకోడానికి. ఇన్నేళ్లూ ప్రతి ఫారంలోనూ నన్ను మా ఆయనకి డిపెండెంట్ అనే రాశారు. ఈ పర్మిట్ మీద మాత్రం వసంతలక్ష్మి అనే ఉంటుంది.

ఇవాళ పదింటికి వంటింటి ఇన్‌స్పెక్షన్. పాసైతే పన్నెండింటికే మొదటి బంతి, పన్నెండు మంది.

"పాసవకుండానే పిలిచేశావా?" అన్నారు మా ఆయన దామోదర్.

"మీ నోటితో అలాంటి మాటలు అనకండి" అన్నాను. పొద్దున్నించీ నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

ఇన్‌స్పెక్టర్ పేరు మారిసెల్. వస్తూనే కుర్చీలు లెక్కపెట్టి నవ్వింది.

"మాది క్యూబా. హవానాలో మా అమ్మ కూడా ఇంట్లోనే హోటల్ నడిపేది. సర్కారు పన్నెండు కుర్చీలకే ఒప్పుకునేది. ఆఫీసర్లు వస్తున్నారంటే పదమూడోది మంచం కింద దాచడం నా పని."

"ఇప్పుడు లెక్కపెట్టే పని మీదయిందన్నమాట" అన్నాను. ఊరుకోలేని నోరు నాది. ఆవిడ ఇంకా నవ్వింది, హమ్మయ్య.

ఫ్రిజ్ చల్లదనం చూసింది, సింక్ చూసింది, అన్నీ టిక్ పెట్టింది. చివరి ప్రశ్న ఒకటి మిగిలింది.

"రుచి చూసిన ప్రతిసారీ స్పూన్ మారుస్తారా?"

"అసలు రుచే చూడను" అన్నాను గర్వంగా. ఎంగిలి సంగతీ, వాసన సంగతీ అంతా చెప్పాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "మా అమ్మా అంతే. నాకూ నేర్పింది" అంటూ పప్పుచారు గిన్నె మీదికి వంగి కళ్లు మూసుకుంది. "ఏమనుకోకండి, ఇందులో ఉప్పు లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. నా వంటింట్లో, నా పప్పుచారుకి వంకా?

"తిని చెప్పండి" అన్నాను.

"డ్యూటీలో తినకూడదు. మీరే చూడండి."

దామోదర్ గారు గబగబా కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు. చేసేది లేక స్పూన్ తీసి నోట్లో పెట్టుకున్నాను. ఒట్టి చప్పన. కంగారులో మర్చేపోయాను. తల కొట్టేసినట్టయింది. పర్మిట్ పోయినట్టే అనుకున్నాను.

"ఉప్పు నా ఫారంలో లేదు" అంటూ సంతకం పెట్టేసింది మారిసెల్. కాగితం చేతికిచ్చింది. దాని మీద నా పేరు. ఆనందం పట్టలేక ఆవిడని గట్టిగా కౌగిలించుకున్నాను.

"శనివారం నాకు సెలవు. ఒక కుర్చీ ఉంచండి" అని చెప్పి వెళ్లింది.

పదకొండున్నరయింది. ఉప్పు వేసి కలిపాను. వాసన చూశాను, బాగానే ఉంది. అయినా మళ్లీ రుచి చూశాను, కొత్త స్పూన్‌తో.