తెల్లపూత మీద ముగ్గు

మా అత్త పోలేరమ్మకు పని చెప్పడం సులువు, చెప్పినంతవరకే చేయించడం కష్టం. వాకిలి ఊడవమంటే పక్కింటి వాకిలి కూడా ఊడ్చి, శుభ్రం గురించి వాళ్ళకు నాలుగు మాటలు చెప్పి మరీ వస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా బట్టీ పలకలకు పూత పూసే పని ఆమెకిచ్చాను కాబట్టి తప్పు సగం నాదే. మిగతా సగం మాత్రం ఆమెదే, వదలను.

గిద్దలూరు శివార్లలో మాది కుమ్మరి కుటుంబం. మామ కొండయ్య ఉన్నంతకాలం కుండలు, కట్టెలతో కాల్చే ఆవం. ఆయన పోయాక నేనూ నా భర్త మురళీధర్ గ్యాసు బట్టీ పెట్టి, గాజులా మెరిసే గ్లేజు వేసిన టీ కప్పులు చేస్తున్నాం. బట్టీలో పొట్టి దిమ్మెలు నిలబెట్టి, వాటి మీద పలకలు అంతస్తులుగా పేర్చి, పలకల మీద కప్పులు పెడతాం. వేడికి గ్లేజు కిందికి కారితే కప్పు పలకకు అతుక్కుపోతుంది. అందుకే ముందుగా పలక పైభాగానికి, దిమ్మెల కొసలకు తెల్లపూత పూయాలి. చీనామట్టి, అల్యూమినా పొడి నీళ్ళలో పలుచటి మజ్జిగలా కలిపి, ఒక పూత ఆరాక ఇంకో పూత. మా బట్టీ వేడికి అది కరగదు. దాని మీద గ్లేజు కారినా ఉలితో గీకితే ఊడొస్తుంది.

అత్త చేతుల్లో వణుకు మొదలై రెండేళ్ళయింది. సారె మీద మట్టి నిలబెట్టలేదు, బరువెత్తలేదు. ఇంట్లో కూర్చోమంటే "నేను కుమ్మరిదాన్నా, కాపలాదాన్నా" అంటుంది. బట్టీ పనిలో ఆమెకు మిగిలింది ఆ బ్రష్ ఒక్కటే. అదీ పోతే షెడ్డులోకి రావడానికి ఆమెకు సాకు కూడా ఉండదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే నోరు పారేసుకున్నాను, అదీ నా గొప్పతనం.

శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే జనం కోసం పెద్దదోర్నాలలో హోటల్ నడిపే మస్తానయ్య అన్న మూడువందల కప్పులు అడిగాడు. కొత్త పలకలు తెప్పించాం. పాత పలకలకు పూత ఊడినచోట అద్దడమే గానీ, పలకంతా పూయడం అత్తకు అదే మొదలు. శుక్రవారం పొద్దున అత్త పూత పూసింది. వణికే చేత్తో అంత నున్నగా ఎలా పూస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. మెచ్చుకుందామనుకుని పనిలో పడి మరిచిపోయాను. మధ్యాహ్నం మురళి కప్పులు పేర్చాడు, శనివారం కాల్చాం, ఆదివారం పొద్దున తలుపు తీశాం.

కప్పు పట్టుకుంటే రాలేదు. ఊపినా రాలేదు. సుత్తితో తడితే కప్పు పగిలింది కానీ అడుగు పలకనే పట్టుకుని ఉంది. దాని చుట్టూ గాజులా కరిగిన గీతలు, మెలికలు, మధ్యలో చుక్కలు. పలకలన్నిటి మీదా అదే. తెల్లదాని మీద తెల్లది కావడంతో పేర్చేటప్పుడు మురళికి కనబడలేదు. ఎనభై కప్పులు పోయాయి.

"అత్తా, పూత మీద ముగ్గేసినావా?"

"ఏసినా," అంది ఆమె, దాచకుండా. "అలికినాక ముగ్గు ఏయకుండా వదులుతారా ఎవరన్నా?"

"అది ఇల్లు గాదు, పలక. ముగ్గుపిండి అంటే సున్నపురాయి. ఈ వేడికి పూతతో కలిసి కరుగుతాది."

"ఆవం పేర్చే ముందు నేల అలికి నలభై ఏండ్లు ముగ్గేసినా. మీ మామ ఒక్కనాడు ఇదేంది అనలే."

"ఆ వేడెంత, ఈ వేడెంత? ఇంక నువ్వు ఆ బ్రష్ ముట్టొద్దు."

"సరే," అంది అత్త. నాకు భయమేసింది. పెళ్ళయిన ఈ పన్నెండేళ్ళలో ఆమె సరే అనడం అదే మొదటిసారి. బ్రష్ కడిగి, తుడిచి, నా ముందు పెట్టి ఇంట్లోకి పోయింది.

రెండు రోజులు షెడ్డు వైపు తొంగిచూడలేదు. టీవీ అంటేనే ఒళ్ళుమండే మనిషి పొద్దంతా దాని ముందే కూర్చుంది. మస్తానయ్య అన్న ఇంకో వారం గడువిచ్చాడు. మురళి "నువ్వే మాట్లాడు" అని జారుకున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మాట పట్టింపు వచ్చినప్పుడల్లా ఆయనకు గ్యాసు సిలిండర్ గుర్తొస్తుంది.

మూడోరోజు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. "పోయిన కప్పులు మళ్ళా చేసుకుందాం అత్తా. రా."

"కప్పులది గాదు వాణీ," అంది ఆమె టీవీ మీంచి చూపు తిప్పకుండా. "మీ మామ పోయినప్పుడు ఇల్లు అలికి ముగ్గు ఏయలేదు. ఏయగూడదన్నారు. ఆ వట్టి నేల చూసినాక, అలికింది ఏదీ వట్టిగా వదలలేకున్నా. చెయ్యి దానంతటదే పోతాది."

ఎందుకేసినావని ఒక్క మాట అడగకుండా ఆమెకు సున్నపురాయి పాఠం చెప్పాను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఒకరి ముందు ఏడవడం నాకు చేతకాదు కనుక లేచి షెడ్డుకు పోయాను.

పాడైన పూత గీకి, కొత్తది పూశాను. మిగిలిన పూతలోనే వేలు ముంచి ముగ్గు పెట్టడం మొదలుపెట్టాను. పూత మీద పూతే కదా, కరగదు. గీత పలుచగా ఉంటే కప్పు కూడా ఊగదు. బుర్ర అంతవరకు బాగానే పనిచేసింది, చెయ్యే చేయలేదు. చుక్కలు ఒక దారి, గీతలు ఒక దారి. మెలిక తిప్పబోతే జిలేబీ అయింది.

వెనక నుంచి అత్త గొంతు వినబడింది. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"ఏంది అది?"

"ముగ్గు."

"దేనితో ఏసినావు?"

"పూతతోనే. ఇది కరగదు అత్తా."

ఆమె వంగి, ఒక గీతను గోటితో తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. తర్వాత నా ముగ్గును ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఇట్లాంటిది ఏసేదానికన్నా వట్టిగా వదిలేదే నయం," అంది.

తడిగుడ్డ తీసుకుని నా ముగ్గునూ, దాని కింద నేను పూసిన పూతనూ కలిపి తుడిచేసింది. మామూలుగా అయితే నాకు ఒళ్ళు మండాలి. ఆ పూట మాత్రం ప్రాణం కుదుటపడింది.

"జరుగు," అని చెయ్యి చాచింది. "ఆ బ్రష్ ఇట్లియ్యి."

ఇచ్చి, పక్కకు జరిగాను.