మామిడాకుల రిపోర్టు

మధ్యాహ్నం రెండు దాటినా లస్మయ్య ఇంకా అన్నం తినలేదు. ఎనభై మామిడి చెట్లున్న తోటలో ముప్పై చెట్ల దగ్గర ఆకులు తెంపడం అయింది. ఒక్కో చెట్టుకు నాలుగు వైపులా, ఛాతీ ఎత్తులో, కాయ కాయని కొమ్మ చూసి దాని నడిమి ఆకును కాడతో సహా తెంపాలి. లేతాకు పనికిరాదు, బాగా ముదిరిందీ పనికిరాదు. ల్యాబు నుంచి వచ్చిన సుహాస్ పొద్దున ఒకసారి చూపించాడు. అప్పటి నుంచి ఆ ఉక్కలో తలెత్తి చూసి చూసి లస్మయ్య మెడ పట్టేసింది.

సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి వచ్చి సూరత్‌లోని ఖటోదరాలో ఇరవై నాలుగేళ్ళు మరమగ్గాలు నడిపిన మనిషి. ఆ చప్పుడుకు ఒక చెవి పోయింది. అక్కడి సేఠ్ పాత మగ్గాలను తుక్కు కింద అమ్మేశాక యాభై అయిదేళ్ళవాణ్ణి ఎవరూ పనిలో పెట్టుకోలేదు. మూడేళ్ళుగా సూరత్ దాటి సముద్రం వైపున్న ఈ తోటలో భార్య చిన్నవ్వతో కాపలా. ఇద్దరికీ కలిపి నెలకు తొమ్మిది వేలు, ఉండటానికి బోరు మోటారు గది.

“గీ ఆకుల్ల ఏం దొరుకుతది సారూ?”

“చెట్టుకు ఏది అందుతోందో, ఏది అందడం లేదో తెలుస్తుంది. మట్టి పరీక్షలో సగమే తెలుస్తుంది” అన్నాడు సుహాస్. హజీరా ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆంధ్రా ఇంజనీరు కొడుకు, మెత్తటి మనిషి.

రెండేళ్ళుగా ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడుతున్నాయి, పిందె రాలిపోతోంది. యజమాని హేమంత్‌భాయ్ పొటాష్ తక్కువైందనుకుని బస్తాలు బస్తాలు వేయించాడు. వేసినకొద్దీ ఇంకా మాడాయి.

చిన్నవ్వ ఆకులు కడగడానికి బకెట్‌లో బోరు నీళ్ళు పట్టుకొచ్చింది. వాచిన పాదాలకు చెప్పులు పట్టక ఉత్త కాళ్ళతోనే నడుస్తోంది.

“ఆ నీళ్ళొద్దమ్మా, లెక్క తప్పుతుంది” అని సుహాస్ కారులోంచి శుద్ధమైన నీళ్ళ క్యాను తెచ్చిచ్చాడు. ఆ నీళ్ళలో ఆమె ఒక్కో ఆకునూ కడిగి గుడ్డ మీద ఆరబెట్టింది.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. హేమంత్‌భాయ్‌తో మాట్లాడి వెళుతూ సుహాస్ గేటు దగ్గర ఆగాడు.

“ఆకుల్లో ఉప్పు చాలా ఎక్కువుంది లస్మయ్యా. బోరు నీళ్ళూ పరీక్ష చేశాం, అక్కడి నుంచే వస్తోంది. మంచినీళ్ళు పెట్టకపోతే తోట దక్కదని చెప్పాను.”

“మేం మూడేండ్ల సంది గవ్వే తాగుతున్నం సారూ.”

“తాగకండి” అన్నాడు సుహాస్.

అది లస్మయ్యకు తెలియనిది కాదు. ఆ నీళ్ళతో టీ పెడితే పాలు విరిగిపోయేవి. కాని ఊరి కుళాయి మూడు కిలోమీటర్లు, నీళ్ళు పగలే వస్తాయి, అప్పుడు గేటు వదిలి వెళ్ళడానికి లేదు. నీళ్ళ క్యాను ముప్పై రూపాయలు. వారానికి రెండు కొన్నా ఇద్దరికీ చాలేవి కావు. చిన్నవ్వ అందులోంచి మగనికి పోసి తాను బోరు నీళ్ళే తాగేది.

తోటలో సిమెంటు తొట్టి కట్టించారు. వారానికి రెండు మంచినీళ్ళ ట్యాంకర్లు, ఒక్కోటి తొమ్మిది వందలు. అక్కడి నుంచి సన్నపైపుల్లో చెట్టు చెట్టుకూ నీళ్ళు. తొట్టి మూతకు తాళం.

“సేఠ్, దినాం రెండు బిందెలు ఇప్పియ్యి. నా ఇంటిదానికి ఒంట్ల బాగలేదు” అని లస్మయ్య హిందీలో అడిగాడు.

“చెట్లకని లెక్క కట్టి తెప్పిస్తున్నవి. మీకు బోరుంది కదా” అన్నాడు హేమంత్‌భాయ్. కసిరినట్టు కూడా అనలేదు.

సంక్రాంతి దాటాక చిన్నవ్వ ముఖం కూడా వాచింది. లస్మయ్య ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. తోట నీళ్ళ వల్లేనా అని అడిగితే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. బీపీ కావచ్చు, నొప్పుల గోలీలు కావచ్చు, ఇదీ అని చెప్పలేమన్నాడు. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించాలి, డబ్బు కట్టక్కర్లేదు, కాని రావాలి. వెళ్ళిన ప్రతిసారీ హేమంత్‌భాయ్ ఒక రోజు జీతం కోశాడు.

“ఇగ నన్ను తిప్పకయ్యా. నీ నౌకరి పోతది” అంది చిన్నవ్వ, బస్సులో కిటికీకి తల ఆనించి.

“పోతే పోనియ్యి.”

“పోతే ఏడుంటం?”

మామిడి పూత మీద ఉండగా ఆమె చనిపోయింది. ఖటోదరా పాత మగ్గాలవాళ్ళు నలుగురు వచ్చి మోశారు. ఆ వేసవిలో పిందె నిలిచింది. కొత్తాకుల అంచులు మాడలేదు.

కాయ కోతకు ముందు హేమంత్‌భాయ్ ఒక జంటను వెంటబెట్టుకొచ్చాడు. జగిత్యాల వైపు పరుశురాం, అతని భార్య సంతోషి. సూరత్ సలాబత్‌పురాలో చేస్తున్న పని పోయింది. సంతోషికి ఆరో నెల.

“మీ భాషవాళ్ళే. మోటారు గది వీళ్ళకివ్వు, నువ్వు షెడ్డులో పడుకో. ఆమె నీళ్ళ గురించి అడుగుతోంది, బాగుంటాయని చెప్పు” అన్నాడు.

సంతోషి బిందెను బోరు కుళాయి కింద పెట్టింది.

“ఆ నీళ్ళు తాగకు బిడ్డా” అన్నాడు లస్మయ్య. “అవి పోస్తే చెట్లే ఎండుతున్నయని కాయిదం వచ్చింది. నా ఇంటిది గవ్వే తాగింది. ఇప్పుడు లేదు.”

“ఏమంటున్నావు?” హేమంత్‌భాయ్ అడిగాడు.

“తాగొద్దంటున్న సేఠ్. బాగున్నయని నేను చెప్ప.”

హేమంత్‌భాయ్ ఫోను వైపు చూసుకుంటూ, “సాయంత్రంలోగా నీ సామాను తీసుకుని వెళ్ళిపో” అన్నాడు. ఆ మాటా మెల్లగానే అన్నాడు. అని కారెక్కి వెళ్ళిపోయాడు.

పరుశురాం దగ్గరికొచ్చాడు. “మరి ఏడ తాగాలె కాకా? రూం కిరాయి కట్టలేక ఖాళీ చేసి వచ్చినం. దీన్ని పట్టుకొని యాడికి పోవాలె?”

లస్మయ్య తాళం వేసిన తొట్టి వైపు చూశాడు. తాళంచెవి అతని దగ్గర లేదు, ఎన్నడూ ఇవ్వలేదు. దండెం మీది లుంగీ, చొక్కా తీసి సంచిలో పెట్టుకున్నాడు.

సంతోషి బిందె దగ్గర చాలాసేపు నిలబడింది. ఎండ గట్టిగా ఉంది. భర్త ముఖంలోకి ఒకసారి చూసి, వంగి కుళాయి తిప్పింది.